ఆఫీసుకు సైకిల్ మీద: హైదరాబాద్ ప్రోగ్రామర్ల కోసం సమగ్ర మార్గదర్శి

మియాపూర్, కూకట్‌పల్లి, నల్లగండ్ల, మణికొండ, టోలిచౌకి. ఇల్లు వీటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆఫీసు మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రామ్‌గూడలోనో ఉంటుంది. దూరం చాలామందికి పదిహేను కిలోమీటర్లు దాటదు. అలాంటివాళ్ళ కోసమే ఈ వ్యాసం.

ఆరోగ్యం, పర్యావరణం, పెట్రోలు ఖర్చు అంటూ సైకిల్‌ను మెచ్చుకునేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళ మాటలు అబద్ధమేమీ కాదు. కానీ ఆ మాటలు విని కొన్న సైకిళ్ళు ఎన్నో అపార్ట్‌మెంట్ సెల్లార్లలో గాలి దిగిపోయి పడి ఉన్నాయి. నేను చెప్పే కారణం వేరు. సైకిల్ వేగంలో గొప్పది కాదు, మాట తప్పదు, అంతే. నలభై అయిదు నిమిషాల దారి అంటే సోమవారమైనా, చినుకులు పడుతున్న గురువారమైనా ఇంచుమించు నలభై అయిదు నిమిషాలే. ఇదే దారికి కారులో ఒకరోజు పాతిక నిమిషాలు, మరోరోజు గంటంపావు. ఉదయం పది గంటల మీటింగుకు తప్పక చేరాల్సిన మనిషికి పనికొచ్చేది సగటు వేగం కాదు, నమ్మదగిన సమయం.

మొదటి మెట్టు: సైకిల్ కొనకముందు కొలవండి

ఇప్పుడు మీరు ఎలా వెళ్తున్నారో అలాగే వెళ్ళండి. కాకపోతే ఇంటి తలుపు వేసిన సమయాన్ని, మీ కుర్చీలో కూర్చున్న సమయాన్ని రాసుకోండి. పార్కింగులో బండి ఎక్కిన సమయం కాదు, తలుపు వేసిన సమయం. క్యాబ్ కోసం ఎదురుచూపు, సెల్లార్‌లో ఖాళీ కోసం వెతుకులాట, లిఫ్టు ముందు వరుస, అన్నీ లెక్కలోకి రావాలి. ఇరవై పనిదినాలు ఇలా చేసి, వచ్చిన నిమిషాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చండి. వరుసలో పంతొమ్మిదో సంఖ్యే మీ అసలు ప్రయాణ సమయం. సర్వర్ ఎంత వేగంగా బదులిస్తోందో చెప్పడానికి మనం సగటును చూపిస్తే సీనియర్లు ఒప్పుకోరు; తొంభై అయిదో పర్సంటైల్, అంటే నూటికి తొంభై అయిదుసార్లు దాటని సమయం అడుగుతారు. ఇరవైలో పంతొమ్మిదోది అదే. మన జీవితం విషయానికి వచ్చేసరికి మాత్రం "మామూలుగా అరగంటే పడుతుంది" అంటూ సగటుతోనే సరిపెట్టుకుంటాం.

ఉదాహరణకు కారు వరుసలో మధ్య సంఖ్య 35, పంతొమ్మిదోది 65 అనుకోండి. సైకిల్‌కు అవే 45, 50 అనుకోండి. మధ్య సంఖ్య చూస్తే కారు గెలిచింది. కానీ ఆలస్యం కాకూడదంటే కారు మనిషి ఇంటి నుంచి గంటకు పైగా ముందే బయలుదేరాలి, సైకిల్ మనిషికి యాభై నిమిషాలు చాలు. మీ అంకెలు ఇలా రాకపోతే, అంటే మెట్రో స్టేషన్ ఇంటికీ ఆఫీసుకూ రెండడుగుల దూరంలో ఉంటే, ఈ వ్యాసం ఇక్కడే ఆపి హాయిగా మెట్రోలో వెళ్ళండి. రాయదుర్గం దాకా నీలి మార్గం ఉండగా పంతానికి సైకిల్ తొక్కాల్సిన పని లేదు.

రెండో మెట్టు: దారి వెతకడం

మ్యాప్ యాప్ కారుకు చూపించే దారి సైకిల్‌కు తరచుగా అధ్వానమైన దారి. దానికి ఫ్లైఓవర్లంటే ప్రేమ, కాలనీ లోపలి సందులంటే చిన్నచూపు. మనకు కావలసింది సరిగ్గా దానికి తిరగేసింది.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఎవరైనా దిద్దగలిగే పటం కాబట్టి కాలినడక దారులు, ఒకవైపు రోడ్లు, రోడ్డు సిమెంటుదా మట్టిదా అనే వివరాలు కూడా అందులో చేరుతుంటాయి. దాని మీద నడిచే బీరౌటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దారిని ఎంచుకునే సూత్రాలను మనమే రాసుకోవచ్చు: పెద్ద రోడ్డుకు ఇంత జరిమానా, ఎక్కుడుకు (పైకి ఎక్కే రోడ్డుకు) ఇంత, మట్టిదారికి ఇంత. ప్రోగ్రామర్‌కు ఇంతకంటే ఏం కావాలి? కానీ మొత్తం సాయంత్రం ఆ సూత్రాలను సవరిస్తూ కూర్చోకండి. రెండు మూడు దారులు తేలితే చాలు, మిగతాది రోడ్డే చెబుతుంది.

ఎత్తుల విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. హైదరాబాద్ చదునైన ఊరు కాదు. బండరాళ్ళ మీద, చెరువుల మధ్య పెరిగిన నగరం. జూబ్లీహిల్స్, ఖాజాగూడ వైపు రోడ్లు కారులో కూర్చుంటే చదునుగానే అనిపిస్తాయి, సైకిల్ ఎక్కితే గానీ నిజం తెలియదు. యాప్‌లు చూపించే ఎత్తుల గీతకు చాలాచోట్ల ఆధారం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. వాటిలో బిందువుల మధ్య దూరం దాదాపు 30 మీటర్లు. పైగా ఆనాటికి లేని వంతెనలు అందులో ఉండవు. దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. ఆ కొలతలను సవరించకుండా వాడితే, వంతెన మీదుగా గీసిన దారి కాస్తా చెరువులోకి దిగి అవతలి గట్టు ఎక్కినట్టు కనిపిస్తుంది. ఫ్లైఓవర్లకూ ఇదే గతి. గీతను నమ్మేముందు అక్కడ నేల ఉందా వంతెన ఉందా అని ఒకసారి చూసుకోండి.

ఎక్కుడు ఎంత ఖరీదైనదో లెక్క వేద్దాం. మనిషి, సైకిల్, బ్యాగు కలిపి 85 కిలోలు అనుకుంటే, వంద మీటర్లకు అయిదు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి, బరువును పైకి లాగడానికే దాదాపు 115 వాట్లు కావాలి. టైరు రాపిడి కలిపితే 130 దాటుతుంది. అదే మనిషి చదును రోడ్డు మీద 18 కిలోమీటర్ల వేగంతో వెళ్ళాలంటే 80 వాట్ల లోపే సరిపోతుంది. కాబట్టి ఒక ఎక్కుడును తప్పించడానికి ఒక కిలోమీటరు అదనంగా తిరగాల్సి వచ్చినా నష్టం లేదు. సంకోచించకుండా తిరగండి.

దారి తేలాక ఆదివారం ఉదయం ఖాళీ రోడ్ల మీద ఒకసారి వెళ్ళి రండి. ఆ తర్వాత పనిదినం రద్దీలో, ఆఫీసుకు చేరాల్సిన తొందర లేని రోజున మరోసారి. రెండోసారి చూడాల్సినవి వేరు: ఎక్కడ కుడివైపు తిరగాలి, ఎక్కడ కూడలి మూసేసి యూటర్న్ పెట్టారు, ఏ బస్టాపు దగ్గర ఆటోలు అడ్డంగా నిలుస్తాయి. కిలోమీటరు ముందుకు వెళ్ళి యూటర్న్ తీసుకొని రావడం కారుకు చిరాకు మాత్రమే, సైకిల్‌కు ప్రమాదం కూడా. అలాంటిచోట దిగి, పాదచారుల్లా నడిపించుకుంటూ రోడ్డు దాటడమే మేలు. సైకిల్ మనకిచ్చే గొప్ప సౌకర్యం ఇదే. దిగితే చాలు, వాహనదారుడు పాదచారి అయిపోతాడు.

అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో కట్టిన సైకిల్ దారి గురించి అందరూ అడుగుతారు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు, వెడల్పు నాలుగున్నర మీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరొకటి. కప్పు మీది ఫలకాల సామర్థ్యం 16 మెగావాట్లు. ఎండ తగలదు, వాన తగలదు, నున్నటి దారి. కోకాపేట, నార్సింగి, కొల్లూరు వైపు ఇల్లు ఉండి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. మిగతా అందరికీ అది ఆదివారపు విహారమే. ఎందుకంటే కూకట్‌పల్లి నుంచో మెహదీపట్నం నుంచో అక్కడిదాకా చేరడమే అసలు కష్టం. జనం ఉండే చోటును, పనిచేసే చోటును కలిపే మామూలు రోడ్డు పక్కన మీటరున్నర వెడల్పు దారి ఇచ్చినా ఇంతకంటే ఎక్కువమందికి ఉపయోగపడేదని నా అభిప్రాయం. వాహనాల రాకపోకలకు కాదు, మనుషుల రాకపోకలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాసి ఉంది మరి.

మూడో మెట్టు: సైకిల్ ఎంపిక

ఇంటర్నెట్‌లో నెలరోజులు సమీక్షలు చదివే జాతి మనది. అంత అవసరం లేదు. మూడు విషయాలు చూస్తే చాలు: ఎత్తు, టైరు, గేరు.

ఎత్తు ముందు. సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడల్ మీద మడమ ఆనిస్తే కాలు పూర్తిగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. మోకాళ్ళ నొప్పి అని సైకిల్ మానేసినవాళ్ళలో చాలామంది సీటును మరీ కిందికి పెట్టుకున్నవాళ్ళే.

టైరు 38 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మన గుంతలకు సరిపోతుంది. టైరు పక్కన 40-622 లాంటి అంకె అచ్చు వేసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 28 అంగుళాలు, 29 అంగుళాలు, 700సీ అంటూ దుకాణంవాళ్ళు చెప్పే పేర్లన్నీ గందరగోళం. పాత నల్ల సైకిళ్ళ 28 అంగుళాల టైరు వ్యాసం 635, ఇప్పటి 28 అంగుళాల టైరుది 622. ఒకటి మరోదానికి పట్టదు. కొత్త టైరు కొనేటప్పుడు ఈ మూడంకెల సంఖ్య చూపించి అడగండి. వాల్వు కూడా కారు, మోటార్‌సైకిళ్ళకు ఉండే రకమే తీసుకోండి. పెట్రోలు బంకులో గాలి పట్టించుకోవచ్చు. సన్నటి వాల్వు ఉంటే బంకు కుర్రాడు చేతులెత్తేస్తాడు.

ఇక గేరు. ముందు పళ్ళచక్రం 44 పళ్ళది, వెనుకది 18 పళ్ళది ఉన్న ఒంటి గేరు సైకిల్‌ను తీసుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది, అంటే 5.4 మీటర్లు. పైన చెప్పిన ఎక్కుడు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్తే నిమిషానికి పెడల్ తిరిగేది 31 సార్లే. ఒక్కో చుట్టుకు మోకాలి మీద పడే బరువు ఊహించుకోండి. అదే ముందూ వెనుకా 34 పళ్ళు ఉండే గేరు దొరికితే చుట్టుకు 2.2 మీటర్లు. నిమిషానికి 70 చుట్లు తిప్పినా తొమ్మిది కిలోమీటర్ల వేగం, మోకాలికి హాయి. దారి చదునైతే ఒంటి గేరు చాలు, చెడిపోయే భాగాలు తక్కువ. దారిలో రెండు పెద్ద ఎక్కుళ్ళు ఉంటే గేర్ల సైకిల్ తప్పదు. అది కూడా కష్టమనిపిస్తే మోటారు సాయం ఉన్న ఎలక్ట్రిక్ సైకిల్ ఉంది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. దాన్ని మోసంగా చూసే సైకిల్ పండితుల మాట పట్టించుకోకండి.

మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, బెల్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఖరీదైన సైకిళ్ళకు ఇవి ఉండవు. అదేం చిత్రమో, ధర పెరిగే కొద్దీ సైకిల్‌కు వస్తువులు తగ్గుతాయి.

నాలుగో మెట్టు: పంక్చర్

చాలామందిని ఆపేది ఈ భయమే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను. ఐటీ కారిడార్‌లో మోటార్‌సైకిల్ పంక్చర్ దుకాణాలు ఉంటాయి కానీ సైకిల్ ట్యూబు ముట్టుకునేవాళ్ళు తక్కువ. బ్యాగులో ఒక కొత్త ట్యూబు, రెండు ప్లాస్టిక్ టైరు లీవర్లు, చిన్న పంపు పెట్టుకోండి. దారిలో ట్యూబు మార్చేయండి, అతుకు ఇంటికి వచ్చాక తీరిగ్గా వేయండి.

చక్రం ఊడదీశాక టైరు ఒక అంచును లీవర్‌తో బయటికి లాగి, ట్యూబు బయటికి తీయండి. కొత్త ట్యూబు వేయడానికి ఆత్రపడకండి. పాత ట్యూబులో కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే చల్లగా గాలి తగిలే చోటే చిల్లు. వాల్వు నుంచి ఆ చిల్లు ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో సరిగ్గా అంతే దూరంలో లోపలివైపు వేళ్ళతో మెల్లగా తడమండి. సర్కారు తుమ్మ ముల్లో, గాజు పెంకో, తెగిన టైరు నుంచి ఊడిన సన్నటి ఇనుప తీగో ఇంకా అక్కడే గుచ్చుకుని ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే వంద మీటర్లకే మళ్ళీ మొదటికి వస్తారు. చిల్లులు రెండు పక్కపక్కనే ఉంటే ముల్లు కోసం వెతకొద్దు. గాలి తక్కువై, గుంతలో రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగిందని అర్థం. 40 మిల్లీమీటర్ల టైరుకు 45–50 పీఎస్ఐ గాలి పీడనం దగ్గర మొదలుపెట్టి మీ బరువును బట్టి సరిచేసుకోండి.

ఇంట్లో అతుకు వేసేటప్పుడు చిల్లు చుట్టూ గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పలచగా పూయండి. పూసిన వెంటనే అతుకు పెట్టడమే అందరూ చేసే పని. సొల్యూషన్ తడి పోయి, వేలికి జిగటగా తగిలేదాకా అయిదు నిమిషాలు ఆగాలి. ఆ అయిదు నిమిషాలే అతుకు ఏళ్ళ తరబడి నిలవడానికీ, వారానికే ఊడిపోవడానికీ ఉన్న తేడా.

అయిదో మెట్టు: రద్దీలో మెలకువలు

రోడ్డు అంచును అంటిపెట్టుకుని వెళ్ళడం క్షేమం అనుకుంటారు. కాదు. అంచున ఇసుక, డ్రైనేజీ జాలీలు, ఆగి ఉన్న కార్ల తలుపులు ఉంటాయి. పైగా అంచున ఉన్నవాడికి వెనుక వచ్చే డ్రైవర్ చోటివ్వడు, రాసుకుంటూ దూరిపోతాడు. అంచుకు మీటరు దూరంలో, వంకర్లు పోకుండా సూటిగా వెళ్ళండి. ఆగిన బస్సును ఎడమవైపు నుంచి ఎప్పుడూ దాటొద్దు. ఫ్రీ లెఫ్ట్ ఉన్న కూడలి దగ్గర నేరుగా వెళ్ళాలంటే ముందుగానే వెనక్కి తిరిగి చూసి, చేయి చూపించి, ఎడమకు తిరిగే వాహనాల దారిలోంచి బయటపడాలి. చేయి చాపితే ఆగేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. హారన్‌కు ఆగరు గానీ, మనిషి చేతికి ఆగుతారు.

వానలో రెండు నియమాలు. రిమ్ము బ్రేకులు తడిస్తే మొదటి రెండు మూడు చుట్లు పట్టవు, కాబట్టి ముందే నొక్కడం మొదలుపెట్టాలి. రోడ్డు మీద నీళ్ళు నిలిచి అడుగు కనిపించకపోతే అందులోకి పోవద్దు. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో నీళ్ళు చెప్పవు. ఆరోజు సైకిల్‌ను ఆఫీసులోనే ఉంచి ఇంకోలా ఇంటికి వెళ్ళండి. ఇందులో పరువు పోయేదేమీ లేదు.

రాత్రి షిఫ్టు వాళ్ళకు కార్ల కంటే కుక్కల బెడద ఎక్కువ. వేగం పెంచితే అవీ పెంచుతాయి. దిగి, సైకిల్‌ను కుక్కకూ మీకూ మధ్య ఉంచుకుని నడవండి. చాలావరకు వాటి ఉత్సాహం అక్కడితో చల్లారుతుంది. ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం, బ్యాగు మీద వెలుగు పడితే మెరిసే పట్టీ. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆరో మెట్టు: చెమట, లాప్‌టాప్, సెక్యూరిటీ

వీపుకు బ్యాగు తగిలించుకుంటే చొక్కా తడిసి ముద్దవుతుంది. క్యారియర్ పక్కన వేలాడే సంచి కొనండి. లాప్‌టాప్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి, సంచి అడుగున మందపాటి గుడ్డ పరిచి నిలువుగా పెట్టండి. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రానికి గుంతల కుదుపు లెక్క కాదు, పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కు ఉంటే మాత్రం పూర్తిగా ఆపేసి తీసుకెళ్ళండి. ఆఫీసు లాకర్‌లో వారానికి సరిపడా ప్యాంట్లు, చొక్కాలు, ఒక తువ్వాలు పెట్టుకోండి. చేరగానే ఏసీలోకి దూరకండి. నీడలో పది నిమిషాలు కూర్చుని, సీసాలో తెచ్చుకున్న మజ్జిగ తాగి, ఒళ్ళు చల్లబడ్డాక బట్టలు మార్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపే ఆఫీసు చేరిపోవాలి. సాయంత్రం ఆరు దాటాకే కదలాలి.

గేటు దగ్గర "సార్, సైకిళ్ళకు ఇక్కడ స్టాండు లేదు, బయట చెట్టు కింద పెట్టుకోండి" అనే మాట ఎదురవుతుంది. కార్డు మెడలో ఉన్నా సరే, సైకిల్ మీద వచ్చినవాడు ఉద్యోగి అయి ఉండడన్న అనుమానం గేటుకు ఉంటుంది. సెక్యూరిటీ అన్నతో గొడవపడి లాభం లేదు. ఆయన చేతిలో ఏమీ ఉండదు, పైగా రోజంతా మీ సైకిల్‌ను కనిపెట్టుకుని ఉండేది ఆయనే. ఫెసిలిటీ విభాగానికి లెక్కతో ఉత్తరం రాయండి: రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉండే ఒక్క కారు చోటులో ఎనిమిది సైకిళ్ళు పడతాయి. చోటు దొరికాక తాళం ఫ్రేముకూ వెనుక చక్రానికీ కలిపి, కదలని ఇనుప కమ్మీకి వేయండి.

ఏడో మెట్టు: లెక్కలు రాసే ప్రోగ్రాం

ఇది తప్పనిసరి కాదు. కానీ చేయకుండా ఉండలేరు, తెలుసు.

ఫోనులోని ఏదో ఒక యాప్‌తో ప్రయాణాన్ని జీపీఎక్స్ ఫైలుగా దాచుకోండి. అది మామూలు ఎక్స్‌ఎంఎల్. ప్రతి బిందువుకూ అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం ఉంటాయి. వరుస బిందువుల మధ్య దూరాన్ని హావర్‌సైన్ సూత్రంతో (గోళం మీద రెండు బిందువుల మధ్య దూరం చెప్పే సూత్రం), భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లుగా తీసుకుని కూడితే మొత్తం దూరం వస్తుంది. పైథాన్‌లో ఇరవై ముప్ఫై వరుసల పని. రెండుచోట్ల చిక్కు వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినా జీపీఎస్ బిందువు కుదురుగా ఉండదు, అటూఇటూ కదులుతూ లేని దూరాన్ని కూడుతుంది. వేగం ఒక హద్దు కంటే తక్కువైతే ఆ బిందువును వదిలేయండి. ఎత్తులో దోషం ఇంకా ఎక్కువ. మూడు మీటర్ల లోపు హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకుంటే చదును రోడ్డు కూడా కొండ అయిపోతుంది.

చక్రానికి బ్లూటూత్ సెన్సార్ పెట్టుకుంటే అసలు తమాషా అక్కడ ఉంది. సైకిల్ వేగానికి బ్లూటూత్‌లో ఒక ప్రామాణిక సేవ ఉంది, దాని సంఖ్య హెక్సాడెసిమల్‌లో 1816. సెన్సార్ వేగాన్ని పంపదు. చక్రం ఇప్పటిదాకా ఎన్ని చుట్లు తిరిగింది, చివరి చుట్టు ఎప్పుడు పూర్తయింది అనే రెండే పంపుతుంది. చుట్ల లెక్కకు 32 బిట్లు ఇచ్చారు, ఏళ్ళు పడుతుంది నిండడానికి. సమయానికి మాత్రం 16 బిట్లే. అదీ సెకనులో 1024వ వంతు కొలతలో. అంటే 65,536ను 1024తో భాగిస్తే 64. ప్రతి 64 సెకన్లకు గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

మామూలుగా తొక్కుతుంటే ఇబ్బంది లేదు. కొత్త సమయం పాతదానికంటే చిన్నదైతే 65,536 కలిపి తీసివేస్తే చాలు. కానీ మన సిగ్నళ్ళు 64 సెకన్ల కంటే ఎక్కువసేపు ఆపేవే. చక్రం 64.1 సెకన్లు ఆగి మళ్ళీ ఒక చుట్టు తిరిగిందనుకోండి. గడియారం దృష్టిలో గడిచింది సెకనులో పదో వంతే. చక్రం ఒక చుట్టుకు పోయే 2.2 మీటర్లను అంత సమయంతో భాగిస్తే గంటకు దాదాపు 79 కిలోమీటర్ల వేగం! గ్రీన్ పడగానే సూపర్‌బైకును మించి దూసుకెళ్ళినట్టు మీ గ్రాఫులో ఒక సూది లేస్తుంది. మందు సులభమే. ప్యాకెట్ వచ్చిన సమయాన్ని ఫోను గడియారంతో కూడా రాసుకోండి. మూడు నాలుగు సెకన్ల పాటు చుట్ల సంఖ్య పెరగకపోతే సైకిల్ ఆగిందని తీర్మానించి, ఆ తర్వాతి మొదటి తేడాను లెక్కలోకి తీసుకోకుండా పారేయండి.

ఈ లెక్కలు ఎక్కడ దాచాలి? మీ కంప్యూటర్‌లో, ఒక ఎస్క్యూలైట్ ఫైలులో, అంటే ఒకే ఫైలులో ఇమిడే డేటాబేస్‌లో. అందరికీ చూపించాలన్న ముచ్చట ఉంటే కొంచెం జాగ్రత్త. పరుగు, సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే స్ట్రావా యాప్ 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో, పరుగెత్తే సైనికుల అడుగుజాడల వల్ల కొన్ని సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయని 2018 జనవరిలో గుర్తించారు. మన ఇంటికి అంత రహస్యం లేకపోవచ్చు, కానీ రోజూ ఇల్లు ఏ సమయానికి ఖాళీగా ఉంటుందో ఊరంతటికీ చెప్పాల్సిన పనీ లేదు. ఇంటి చుట్టూ మూడు వందల మీటర్లు చెరిపేస్తే సరిపోతుందనుకోకండి. చెరిపిన గీతల కొసలన్నీ ఒకే వృత్తం మీద ఉంటాయి, వృత్తం తెలిస్తే కేంద్రం కనుక్కోవడం పదో తరగతి లెక్క. ఇంటికి కాస్త ఎడంగా, యాదృచ్ఛికంగా ఎంచిన బిందువును కేంద్రంగా పెట్టి, ఇల్లు లోపలే ఉండేలా చూసుకుని చెరపండి.

రోజూ తిరిగే దారి కాబట్టి మీకు తెలిసినంత మ్యాపుకు తెలియదు. కాలనీ వెనుక గేటు రాత్రి పదికి మూస్తారని, ఫలానా సందు ఇప్పుడు సిమెంటు రోడ్డయిందని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే చేర్చవచ్చు. స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఫోనులోనే చిన్న చిన్న ప్రశ్నలు అడిగి ఈ పని చేయిస్తుంది. సిగ్నల్ దగ్గర మాత్రం వద్దు, టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు చేయండి.

ఎనిమిదో మెట్టు: నిర్వహణ

వారానికోసారి గాలి, పక్షానికోసారి చైను. పాత గుడ్డతో చైను తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేసి, కాసేపటికి పైకి తేలిన నూనెను మళ్ళీ తుడిచేయండి. నూనె పనిచేసేది లింకు లోపల. పైన మిగిలింది దుమ్మును పట్టి గీరుడు పేస్టుగా మారుతుంది. వానలో తడిసిన రోజు రాత్రి బద్ధకించకుండా ఈ పని చేయాలి.

చైను అరిగిందో లేదో చెప్పడానికి ఒక ఇనుప స్కేలు చాలు. సైకిల్ చైనులో ఒక పిన్నుకూ తర్వాతి పిన్నుకూ దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. వందేళ్ళు దాటినా ఈ కొలత మారలేదు. మూడు నెలలకోసారి లైబ్రరీ మార్చి పాత కోడ్‌ను చెడగొట్టే మన వృత్తిని తలచుకుంటే అసూయ కలుగుతుంది. కొత్త చైనులో 24 పిన్నుల దూరం సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టి చూడండి. దాని తర్వాత 24వ పిన్ను 12 అంగుళాల గీతను దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు జరిగేదాకా ఆలస్యం చేస్తే వెనుక పళ్ళచక్రం కూడా ఆ అరిగిన చైనుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటుంది. కొత్త చైను దాని మీద జారుతుంది, రెండూ కొనాల్సి వస్తుంది.

ఏడాదికోసారి, వానలు తగ్గాక, ఓవరాయిలింగ్ చేయించండి. పెద్ద షోరూంలో కాకుండా పాత బజారులో చక్రం బెండు తీయడం వచ్చిన మేస్త్రీ దగ్గరికి వెళ్ళండి. చక్రాన్ని గుండ్రంగా తిప్పుతూ, బ్రేకు దిమ్మెకు రిమ్ము ఎక్కడ తగులుతుందో చెవితో విని, ఆ ఒక్క పుల్లను పావు చుట్టు బిగిస్తాడు. పక్కన కూర్చుని చూడండి, అభ్యంతరం చెప్పడు. హబ్బుల్లో గ్రీజు మార్చమని, బ్రేకు వైర్లు కొత్తవి వేయమని ముందే చెప్పండి. అడగకపోతే పాతవాటికే నూనె పోసి ఇచ్చేస్తారు.